ఒక్క గీత ఉడత

“పంపుడంటె చంపుడు గాదు గదా,” అని అత్తమ్మ అప్పటికి మూడోసారి అన్నారు. “బాలకిషన్ వాళ్లింట్ల రోజూ వండుకునేదే. దానికింత పెడ్తరు. బాగైనంక తెచ్చుకుందురు. దీనికింత లొల్లి ఏందే?”

“బాగై వచ్చేసరికి దాని మీద వేరే ఇంటి వాసన ఉంటది నానమ్మా. మిగిలినయి మళ్ల దగ్గరికి రానియ్యవట. కొరుకుతయట,” అన్నది మాన్య.

“వాసనేంది, నీ తలకాయ! పెండ్లై పోయిన ఆడపిల్ల ఇంటికొస్తె మనం కొరుకుతున్నమా?”

“అయితె నన్ను గుడ పంపుండ్రి అంకుల్ ఇంటికి. దానికి తోడుగ నేనొక గుడ్డు తింట.”

“శ్రీపాదా! ఇన్నవారా నీ బిడ్డ మాట?”

మా ఆయన విన్నారు. విననట్టే కంచన్‌బాగ్ ఆఫీసు నుంచి తిరిగొచ్చిన టిఫిన్ డబ్బా సింకులో పెట్టి, “ఏడింటికి వస్తడు మా ఆఫీసు బాలకిషన్. స్కూటర్ మీద తీస్కపోతడు. ఫోన్ల చెప్పిన. ఇగ అందరు ఊకుండుండ్రి,” అని కాళ్లు కడుక్కోవడానికి పోయారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. మెడలో వేలాడే సంచి ఊగకుండా చేత్తో పట్టుకుని మేడమెట్లు ఎక్కాను. హాల్లో గడియారం అప్పుడే ఆరు కొట్టింది.

సంచిలో చిన్ని ఉంది, మా ఆరు ఉడతల్లో ఒకటి. లాడ్ బజార్‌లో గాజుల పెట్టెలకు లోపల అతికించే మఖ్మల్ గుడ్డ ముక్కలు అమ్ముతారే, వాటితో మాన్య కుట్టిన సంచి. చిన్ని బరువెంతని, రెండు నిమ్మకాయలంత. కానీ పైగదిలో చాప మీద గోడకానుకుని కూర్చోగానే నా రవిక మీద దాని గుండె తగిలింది, కొట్టుకోవడం కాదు అది, ఒకటికీ ఇంకోదానికీ మధ్య సందు లేదు, సన్నగా ఒక జలదరింపు, దూరంగా కుట్టుమిషను తిరుగుతున్నట్టు, ఇంత చిన్న ఒంట్లో ఇంత తొందర ఎందుకో, ఎక్కడికి పోవాలనో. నా గుండె దాని కింద బర్రెలాగా నింపాదిగా నడుస్తోంది. రెండూ ఒక్క చోటే పక్కపక్కనే, నేను ఊపిరి బిగబట్టి వింటే రెండూ వేరువేరుగా తెలుస్తున్నాయి. మాన్య నా కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ చెవికి గొట్టం పెట్టి వినిపించినప్పుడు కూడా ఇలాగే ఏడుపొచ్చింది, దుఃఖం లేని ఏడుపు, భయం లాంటిది. నాలుగు రోజులుగా దీని వెనక కాళ్లు ఈడుస్తున్నాయి. మొదటి రోజు బెణికిందేమో అనుకున్నాం. రెండో రోజు కొమ్మ ఎక్కబోయి జారి పడింది. ఇవ్వాళ ముందరి చేతులతో పాకుతూ నా అరచేతిలోకి వచ్చింది, వెనక సగం తనది కానట్టు వెంట తెచ్చుకుంటూ.

చేతులు అనే అనాలి, పంజాలు కాదు. వేళ్లు, వేళ్లకు గోళ్లు. సంచి అంచున ఇప్పుడు ఒక చెయ్యి బయటికి వచ్చి నా మంగళసూత్రం దారాన్ని పట్టుకుంది, నిద్రలోనే. పట్టుకున్న తీరు చూస్తే ఎవరో నాకు తెలిసిన మనిషి పట్టుకున్నట్టే ఉంది.

పోయినేడు ఇవి మా ఇంటికి వచ్చినప్పుడు ఇవేమిటో మాకెవరికీ తెలియదు. మా ఆయన మాన్య పుట్టినరోజుకు లవ్‌బర్డ్స్ తెద్దామని ఆదివారం చార్మినార్ వెనక పిట్టల బజారుకు పోయి, బుట్టలో ఈ జంటను తెచ్చారు. అమ్మినాయన “ఉడ్నే వాలీ గిలహరీ హై సాబ్, ఫల్ ఖాతీ, దూద్ పీతీ, బస్” అన్నాడట. ఎగిరే ఉడతట, పండ్లూ పాలూ చాలట. గుమ్మంలోనే అత్తమ్మ ఆపేస్తారనుకున్నాను, తోలు చెప్పులు కూడా లోపలికి రాని ఇల్లు మాది. కానీ మామయ్య విఠల్‌రావు గారు బుట్టలోకి తొంగి చూశారు. ఆయన మా గల్లీ చివర రామాలయంలో యాభై ఏళ్లుగా అర్చన చేస్తున్నారు. బూడిదరంగు వీపు మీద ముక్కు నుంచి తోక దాకా నల్లగా ఒక్కటే గీత. “మన ఉడతను స్వామి మూడు వేళ్లతో నిమిరిండు,” అన్నారు. “ఇది పాపం ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. ఒక్క వేలే అందింది.” అంతే, ఇంట్లోకి వచ్చాయి. వంటింట్లో పాత జాలీ అల్మారా ఖాళీ చేసి పైగదికి మోయించారు, మామిడి కొమ్మలు అడ్డంగా కట్టారు. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం మగది తలుపు చట్రం మీదికి ఎక్కి కూర్చుంది. మామయ్య సంధ్య వార్చుకుంటున్నారు. అది అట్లాగే చేతులూ కాళ్లూ చాచింది, చాచగానే చంకల నుంచి మడమల దాకా దాగి ఉన్న చర్మం గొడుగులా విచ్చుకుంది, గదికి ఈ కొస నుంచి ఆ కొసకు చప్పుడు లేకుండా వచ్చి ఆయన భుజం మీద వాలింది. ఆయన చేతిలో ఉద్ధరిణి అలాగే ఉండిపోయింది. నీళ్లు కారిపోతున్నా కదలలేదు. ఆ పూట సంధ్య పూర్తి కాలేదు, నా లెక్కలో ఆ పూటే పూర్తయింది.

ఇంకొన్నాళ్లకు ఆడదాని కడుపు మీద ఉబ్బు కనిపిస్తే గడ్డ అనుకుని భయపడ్డాం. ఒకరోజు ఆ ఉబ్బులోంచి చిన్న తోక బయటికి వచ్చింది. కడుపుకే సంచి, సంచిలో పిల్ల. అత్తమ్మ రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుని, “పుట్టి గుడ మళ్ల లోపటికే పోయిందా? ఎంత అదృష్టమే దీనికి!” అన్నారు. అత్తమ్మ అలా అనగా నేను ఎప్పుడూ వినలేదు. ఆయమ్మ ఆరుగురిని కన్నారు, ముగ్గురు దక్కారు. ఆ మొదటి కాన్పులో పిల్లే చిన్ని. తర్వాత ఇంకో మూడు. పగలంతా ఆరూ పాత స్వెట్టర్‌లో ఒక్క ముద్దగా పడుకుంటాయి, ఎవరి తోక ఎవరిదో తెలియకుండా. సాయంత్రం అవగానే ముద్ద విడిపోతుంది.

మరి వాటికి పెట్టింది ఎవరు? నేనే. తెల్లవారి నాలుగింటికి లేచి, తలారా నీళ్లు పోసుకుని, తడిచీరతో రాముడికి నైవేద్యం వండేది నేనే, ఇరవై రెండేళ్లుగా. అత్తమ్మకు మోకాళ్లు పట్టేసిన ఏడు గరిటె నా చేతికిచ్చారు. దద్ధ్యోదనం, పరమాన్నం, ఏకాదశికి సగ్గుబియ్యం. మామయ్య ఆ గిన్నె తీసుకుపోయి, స్వామి ముందు పెట్టి, తిరిగి తెచ్చి, మొదటి ముద్ద మేం తినకముందే పైగదికి పంపేవారు. రాముడి ఉడతలు గదా, ప్రసాదం కన్నా మంచి తిండి ఇంకేముంటుంది? అరటిపండు, కొబ్బరి, పాలన్నం. అవి ఆ చేతులతో మెతుకు మెతుకు పట్టుకుని తింటుంటే మా ఇంటి తిండికి ఇంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదనిపించేది.

పొద్దున రామలింగయ్య గారి దగ్గరికి మాన్యా నేనూ ఆటోలో పోయాం. పశువుల డాక్టరుగా రిటైరైన మనిషి, ఇంటి అరుగు మీదే చూస్తారు. బర్రెల్ని చూశారు, కుక్కల్ని చూశారు, ఒకసారి సర్కస్ ఒంటెను చూశారట, దీన్ని చూడలేదు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. చేటంత పుస్తకం ఒకటి లోపల్నుంచి తెప్పించి వెతికారు. మాన్య అంతకుముందే ఇంటర్నెట్ సెంటర్‌లో చూసి రాసుకొచ్చిన కాగితం ఇచ్చింది. ఉడత కాదట, షుగర్ గ్లైడరట, ఎక్కడో ఆస్ట్రేలియా అడవుల్లో కంగారూకు దూరపు చుట్టమట. డాక్టరు గారు చిన్ని వెనక కాళ్లను రెండు వేళ్లతో తడిమి, “ఏం పెడ్తున్నరమ్మా?” అని అడిగారు. నేను చెప్పాను. సంతోషంగానే చెప్పాను, చెప్పుకోవలసిన సంగతి అన్నట్టు ఒక్కొక్కటే. ఆయన నవ్వలేదు. “అమ్మా, మీరు దీన్ని పూజారిని జేసిండ్రు. ఇది పూజారి గాదు. అడివిల పురుగులు తింటది, పిట్టల గుడ్లు తింటది. ఒంట్ల సున్నం అయిపోయింది. ఎముకలు మెత్తబడ్డయి.” పొడి రాసిచ్చారు. రోజూ ఉడికిన గుడ్డు, పెంకు నూరి కలిపి. ఎత్తు మీంచి దుంకనీయొద్దు. “పది దినాలల్ల కాళ్లు ఆడితె ఆడినట్టు. లేకుంటె లేదు. మిగిలిన ఐదు గుడ ఇదే తిండి తిన్నయి గద, అవి గుడ ఇదే తొవ్వల ఉన్నయి. ఇంకోటి, దీన్ని ఒక్కదాన్ని పెట్టకుండ్రి. గుంపుల బతికేటివి. ఒంటరిగుంటె తినుడు బంద్ జేస్తయి.” ఫీజు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. “ఈ వయసుల కొత్త జీవిని చూపిచ్చిండ్రు. నేనే ఇయ్యాలె మీకు.”

ఆటోలో వస్తూ నేను నా చేతుల వంకే చూసుకున్నాను. ఈ చేతులే కదా. ప్రేమగానే పెట్టాయి. ఇల్లు చేరి సంగతి చెబితే అత్తమ్మ పొడికి ఒప్పుకున్నారు, గుడ్డు మాట ఎత్తగానే లేచి దేవుడి గది తలుపు వేసి వచ్చారు, లోపలివాళ్లు వింటారన్నట్టు. మామయ్య ఉత్తరీయం కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నారు. డాక్టరు వద్దన్నా చిన్నిని అట్ట డబ్బాలో మెత్తగా గుడ్డలు వేసి విడిగా పెట్టారు, మిగతా వాటికి అంటుతుందేమోనని. జబ్బు చేస్తే విడిగా పెట్టడం మా ఇంటి పద్ధతి. మధ్యాహ్నమంతా అది నీటి చుక్క ముట్టలేదు. మూడింటికి నేనే తీసి మెడలో వేసుకున్నాను.

గుడ్డు. ఆ మాట ఈ ఇంట్లో నేను మొదటిసారి విన్నట్టు ముఖం పెట్టాను. మొదటిసారి కాదు. మాన్యకు అప్పుడు ఐదేళ్లు, తొంభై నాలుగులో. రోజూ సాయంత్రం సన్నగా జ్వరం, మెడ కింద గడ్డలు, బరువు పెరగదు. ప్రైమరీ కాంప్లెక్స్, పిల్లలకొచ్చే క్షయ అన్నారు, తొమ్మిది నెలలు మందులన్నారు, రోజుకో గుడ్డు అన్నారు. మందుల సంగతి ఇంట్లో చెప్పాను. గుడ్డు సంగతి గొంతులోనే ఉండిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నాగమణమ్మ నా ముఖం చూసి అడిగింది, చెప్పేశాను. “పొయ్యి నాది, గిన్నె నాది. నా పాపం నీకు రాదు, నా పుణ్యం నీకు రాదు. పోరిని తీస్కరా,” అన్నది. తొమ్మిది నెలలు, సాయంత్రం నాలుగు కొట్టగానే పూలకు పోతున్నానని చెప్పి పోయాను. తెల్ల లడ్డు అని చెప్పి తినిపించేది నాగమణమ్మ. నేను గడప దగ్గర అటు తిరిగి కూర్చునేదాన్ని, వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని, పిల్ల నములుతున్న చప్పుడు మాత్రం చెవులారా వింటూ. తిరిగొచ్చి పెరటి కుళాయి కింద స్నానం. మర్నాడు నాలుగింటికి మళ్లీ నైవేద్యం. బుగ్గలు వచ్చాయి పిల్లకు. స్వామి నైవేద్యం తిన్నాడు, ఒక్కరోజు కూడా గిన్నె విసిరేయలేదు, రోజూ అదే నవ్వు. దానికి నాకు ఆశ్చర్యం పోలేదు, ఇప్పటికీ పోలేదు. నన్ను కొరికేది అది కాదు. మామయ్య. రోజూ రెండు చేతులతో ఆ గిన్నె ఎత్తుకుని, దారిలో ఎవరి నీడా పడకుండా గల్లీ గోడ వెంట నడిచిపోయే ఆ మనిషి చేత తొమ్మిది నెలలు నా అబద్ధాన్ని మోయించాను. ఒకరోజు అన్నాల దగ్గర మాన్య, “నాకు ఇది వద్దు, తెల్ల లడ్డు కావాలె,” అన్నది. అత్తమ్మ చేతిలో నెయ్యి గిన్నె ఆగింది. తర్వాత పిల్ల కంచంలో ఇంకో చెంచా నెయ్యి పడింది. అత్తమ్మ ఏమీ అడగలేదు. తెలుసో, తెలియదో. పద్నాలుగేళ్లుగా ఆ ముఖంలోకి చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు కూడా అదే ఉపాయం కదా. ఇక్కడ కాదు, ఇంకొకరి పొయ్యి మీద. చిన్ని పోతుంది, బాలకిషన్ ఇంట్లో తింటుంది, కాళ్లు వస్తాయో రావో. తిరిగి వస్తే ఈ ఐదూ దాన్ని ఎరగవు. మరి ఈ ఐదు కాళ్లు ఈడవడం మొదలుపెడితే? ఒక్కొక్కదాన్నే స్కూటర్ మీద పంపుతామా, మా ఇంటి గడప మాత్రం చల్లగా ఉండాలని?

మసీదులో సాయంత్రపు మగ్రిబ్ అజాన్ మొదలైంది, దాని వెనకే రామాలయంలో మామయ్య గంట, రోజూ ఇంతే, ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని. ఆ రెంటి మధ్యలో కరెంటు పోయింది. కిటికీలో ఇంకా కొంచెం వెలుతురుంది. సంచి కదిలింది. చిన్ని తల బయట పెట్టింది, తలకన్నా కళ్లే పెద్దవి, పూర్తిగా నలుపు, అందులో కిటికీ మొత్తం చిన్నదై ఉంది. అది అల్మారా వైపు చూసింది. అరిచింది. కుక్కపిల్ల ఎక్కడో నాలుగు ఇళ్ల అవతల అరిచినట్టు, ఒక్కసారి, ఆగి ఇంకోసారి. నేను వినడం మానేసి చూడటం మొదలుపెట్టాను, ఎందుకంటే స్వెట్టర్ ముద్ద ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు లేచింది. లోపల్నుంచి జవాబు వచ్చింది. తర్వాత మగది, ముసలాయన, జాలీ దగ్గరికి దిగి వచ్చాడు. నేను పాక్కుంటూ దగ్గరికి పోయి సంచిని జాలీకి ఆనించాను. నుదుటి మీద వెంట్రుకలు లేని చోటు ఉంటుంది వాడికి, బొట్టు బిళ్లంత. అక్కడి వాసనే ఈ గుంపు ఇంటిపేరని మాన్య చదివి చెప్పింది. జాలీ సందులోంచి ఆ నుదురు చిన్ని తలకు రుద్దాడు. ఇటు నుంచి, అటు నుంచి, ఓపికగా, పొద్దుటి నుంచి డబ్బా వాసనా డాక్టరు చేతి వాసనా నా చెమటా అంటిన చోటల్లా. చిన్ని కళ్లు మూసుకుంది. తర్వాత నా వేలు, జాలీని పట్టుకుని ఉన్న నా చూపుడు వేలు, దానికి కూడా రుద్దాడు. వెచ్చగా, కొంచెం జిడ్డుగా. నన్ను అడగలేదు. ఏ గోత్రమని అడగలేదు, పొద్దున స్నానం చేశానా అని అడగలేదు. వీళ్ల కాళ్లు తీసింది ఈ చెయ్యేనని వాడికి తెలియదో, తెలిసీ రుద్దాడో.

అల్మారా తలుపు తీశాను. ఎత్తు కొమ్మలన్నీ విప్పి బయట పడేశాను. స్వెట్టర్‌ను కింది అరలోకి దించాను, చిన్నిని సంచితో సహా దాని పక్కన పెట్టాను. ఆ వేళకు అవి తిండికి పరిగెత్తాలి, గెంతాలి. ఒక్కటీ గెంతలేదు. తల్లి ముందు వచ్చింది, సంచిలోకి దూరింది. తర్వాత పిల్లలు, ఒకదాని మీద ఒకటి. చివర ముసలాయన, చోటు లేకపోయినా. మఖ్మల్ సంచి ఉబ్బి గుండ్రమైంది. నేను చెయ్యి వేసి చూశాను. ఒక్కటే గుండె. ఆరు గుండెలు కలిస్తే ఒక్కటే అవుతుందని నాకు ఎవరు చెప్పారు, ఇన్నేళ్లు ఇంతమందితో ఒక్క కప్పు కింద పడుకుని నేనే వినలేదేమో. చిన్ని ఎక్కడుందో వేళ్లతో వెతికాను. తోకలు, చెవులు, వేళ్లు. కదలని కాళ్లు ఏవో కదిలే కాళ్లు ఏవో తెలియలేదు.

కింద స్కూటరు ఆగింది. “వదినమ్మా, ఏది మీ రాణి? గంప గుడ తెచ్చిన!” బాలకిషన్ గొంతు. “మా ఇంట్ల గుడ్లకేం ఫికర్ లేదు. నెల తిరిగేసరికి మస్తు బలిసి వస్తది, మీరే గుర్తుపట్టరు!”

కరెంటు ఇంకా రాలేదు. మెట్లు దిగాను. హాల్లో అత్తమ్మ కందిలి ముట్టించి పెట్టారు. మామయ్య అప్పుడే గుడి నుంచి వచ్చి తఖ్తు మీద కూర్చున్నారు, మాన్య గోడకానుకుని ఉంది, మా ఆయన బాలకిషన్‌కు కుర్చీ జరుపుతున్నారు. బాలకిషన్ నా ఖాళీ చేతుల వంక చూసి గంప మెల్లగా కింద పెట్టాడు.

“కూసో అన్నా, చాయ్ తాగి పో,” అన్నాను. “చిన్ని రాదు.”

“ఏమైంది వదినమ్మా? పాణం...”

“ఉంది. వాళ్లోళ్ల దగ్గరుంది. అక్కడే ఉంటది.”

నేను మామయ్య వైపు తిరిగాను. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా నిదానంగా వినిపించింది.

“మామయ్యా, రేపటి నుంచి పైగదిల కిరసనాయిల్ పొయ్యి పెడ్త. ఆరు ఉడతలకు గుడ్డు నేనే ఉడకబెడ్త. దాచి చేసుడు నాతోని గాదు, ఒకసారి చేసిన, చాలు. అందుకని నైవేద్యం ఇగ నేను వండ.”

అత్తమ్మ నా ముఖంలోకి చూశారు. చూసి, కందిలి ఒత్తి కొంచెం పైకి జరిపారు.

మా ఆయన కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడి, “మరి ఎవరు వండుతరు?” అన్నారు.

“మీరు,” అన్నాను. “అత్తమ్మ కూసోని చెప్తరు. నాలుగింటికి లేవాలె.”